రెండో చెవి

మేనమామ అన్నం ముందు కూర్చున్నా ఆయన ఎడమకాలు మాత్రం డ్యూటీ దిగలేదు. ముద్ద ఎత్తబోయే ముందు బల్ల కింద నేలను ఓసారి మెత్తగా నొక్కుతుంది, నమిలేటప్పుడు మెల్లగా పైకి లేస్తుంది. ఇరవయ్యారేళ్ళు క్లచ్ తొక్కిన కాలు. ఉద్యోగం పోయి ఇరవై రెండు రోజులైందన్న కబురు ఆయన తలకి అందింది గానీ కాలికింకా చేరలేదు.

"ఆ కాలు కాస్త ఆపండి. ఇల్లు ముందుకి కదిలి ఎదురింటిని గుద్దేస్తుందేమోనని భయమేస్తోంది," అంది అత్తయ్య.

"బ్రేకెప్పుడూ నీ దగ్గరే కదే," అన్నాడాయన. నవ్వలేదు. ఇదివరకైతే ఇలాంటి మాటకి తనే ముందు నవ్వేవాడు.

ఎదురుగా కూర్చున్న మేనకోడలు తలెత్తకుండా తింటోంది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకీ హాజరు పుస్తకానికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. రాడార్ ప్రయోగశాలలో వెంట్రుకలంత తీగలకి టంకం పెట్టే పనిలో చేరిన నెలలోనే 'టంకమ్మ' అన్నారు. మంచి టంకంలాగే ఆ పేరూ మళ్ళీ ఊడలేదు. ఆ ప్రయోగశాల మైదానంలోనే మావయ్య లారీ నడిపేవాడు. పైన రాడార్ విమానం తిరుగుతుంటే కింద రోడ్డు మీద ఈ లారీలు అటూ ఇటూ పరిగెత్తాలి, రాడార్ వాటిని పట్టుకోవాలి. అదీ పని.

గూట్లో, గడియారం వెనక, నాలుగు మడతల కాగితం ఒకటుంది. 'పరీక్ష జరుగుతుండగా డ్రైవరు రోడ్డు వదిలి, కిలోమీటరు అవతలి పాత క్వారీలోకి బండిని తోలాడు. ప్రయోగం చెడింది.' కింద రాడార్ విభాగం అధిపతి సంతకం. తెరమీద లారీలు చుక్కలుగా కదులుతాయి కాబట్టి ఆయన్ని వెనకాల అందరూ చుక్కలాయన అంటారు. ఆ కాగితం పట్టుకుని మావయ్య నాలుగు చోట్ల పని అడిగాడు. నాలుగు చోట్లా అది చదివి, మడిచి, మర్యాదగానే చేతిలో పెట్టారు.

"క్వారీలో దిగితే టైర్లకి తెల్లమట్టి అంటుకోదా?" అన్నాడు మావయ్య, ఎవరూ అడక్కుండానే. ఈ ఇరవై రెండు రోజుల్లో ఆ మాట ఎన్నోసారో. "టైర్లు చూడండి సార్ అన్నాను. చూడ్డానికి రెండడుగులు వేస్తే చాలు. బండిలో దారి రాసుకునే పెట్టె రిపేరుకెళ్తే అది నా తప్పా? టైరు అబద్ధమాడుతుందా?"

వీధి తలుపు చప్పుడైంది. చేతిలో హెల్మెట్ పట్టుకుని గుమ్మంలో ఓ పొట్టి మనిషి నిలబడ్డాడు. నిన్నమొన్నటిదాకా మావయ్య బండికి క్లీనరు. ఇప్పుడు మావయ్య సీట్లో డ్రైవరు. ముప్పై అయిదేళ్ళొచ్చినా మావయ్యకి అతను పొట్టోడే.

"గురూ, తింటున్నట్టున్నావు, మళ్ళీ వస్తా."

"వచ్చినవాడివి వచ్చావు, కూర్చో. ఏంటి సంగతి?"

"గురువారం పైనుంచి కమిటీ వస్తోంది. డెమో. మూడో బండి నాకిచ్చారు." పొట్టోడు హెల్మెట్ పట్టీని వేలికి చుట్టి విప్పాడు. "దాని రెండో గేరు..."

"మొండిది. దాన్ని తోస్తే పడదు, బుజ్జగించాలి." మావయ్య గరిటె తీసి కంచం పక్కన నిలబెట్టాడు. "ఇదిగో, ముందు ఇలా నీవైపు లాగు. ఒక్క గుక్క ఊపిరి పీల్చేంతసేపు ఆగు. అప్పుడు వెయ్యి. ఊ, చెయ్యి."

పొట్టోడు గరిటె పట్టుకుని గేరు వేశాడు. మావయ్య కాలు కింద క్లచ్ నొక్కింది.

టంకమ్మకి ఒళ్ళు మండిపోయింది. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, "సీటు లాక్కున్నవాడికి గేరు కూడా నేర్పి పంపిస్తున్నావా మావయ్యా? సీటు మీదకి దిండు కూడా ఇవ్వాల్సింది," అంది.

"వాడు లాక్కోలేదు తల్లీ. ఎవడో నన్ను లాగేసి ఖాళీ సీట్లో వాణ్ణి కూర్చోబెట్టాడు. రెండూ ఒకటి కాదు." ఆయన గరిటెను కడిగి గిన్నెలో పెట్టాడు. "ఆ ఎవడో అన్నవాడి టైర్లు మాత్రం ఎవరూ చూడరు."

*

మైదానం చివర రేకుల షెడ్డు టంకమ్మది. అందులో సగం బీరువా అంత పెట్టె ఒకటి, కప్పు మీద పళ్ళెంలాంటి యాంటెన్నా, గోడకి వైర్‌లెస్ సెట్టు, రాడార్ గదిలోని తెరకి నకలుగా చిన్న తెర. ఆ పెట్టెను అందరూ మాయపెట్టె అంటారు. రాడార్‌ని ఏమార్చడమే దాని ఉద్యోగం. శత్రువు ఎలా మోసం చేస్తాడో ముందే తెలిస్తేనే కదా రాడార్ మోసపోకుండా ఉండేది.

ఎదురొచ్చే బండి హారన్ సన్నగా వినిపిస్తుంది, దాటిపోయాక అదే హారన్ లావుగా మారుతుంది. రాడార్ కిటుకూ అంతే. పైనుంచి పంపిన తరంగం కదలని చెట్టుకో రాయికో తగిలితే ఒక స్వరంతో వెనక్కొస్తుంది, కదిలే లారీకి తగిలితే స్వరం మారి వస్తుంది. మారినవాటికే తెరమీద చుక్క పెడతారు. మాయపెట్టె ఆ తరంగాన్ని విని, గుర్తుపెట్టుకుని, స్వరం రవ్వంత మార్చి, రవ్వంత ఆలస్యంగా తిరిగి పంపిస్తుంది. అంతే, లేని లారీ తెరమీద పరిగెడుతుంది.

మంగళవారం పొద్దున్నే చుక్కలాయన షెడ్డుకొచ్చాడు. ఇస్త్రీ మడత చెడని చొక్కా, జేబులో మూడు పెన్నులు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. దానిమీద దుమ్ముంది.

"ఇదిగో అమ్మాయ్. గురువారం మొదటి భాగం నాది. నీ పెట్టె ఆపి ఉండాలి. రెండో భాగంలో నేను చెప్పినప్పుడు ఒక్క దొంగచుక్క పుట్టించు. ఒక్కటే. కమిటీవాళ్ళు సరదాపడతారు."

"బండ్లు ఎంత వేగంతో వెళ్తాయి సార్? నేను దానికి సరిపోయేట్టు పెట్టుకోవాలి కదా."

"మనిషి నడిచే వేగం. అంతకన్నా పెంచొద్దని డ్రైవర్లకి గట్టిగా చెప్పాను. చుక్కని కూడా కాస్త లావు చేయించాను, పెద్దవాళ్ళ కళ్ళకి ఆనాలిగా."

ఆయన వెళ్ళాక టంకమ్మ స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి కదలకుండా కూర్చుంది. ఈ పని తెలిసినవాళ్ళెవరికైనా ఆ రెండు మాటలు చాలు. వేగంగా విమానం వైపు పరిగెత్తే బండి తెరమీద తన చోట కనిపించదు, పక్కకి జరిగి కనిపిస్తుంది. స్వరాన్ని బట్టే చోటు లెక్కగడతారు కాబట్టి స్వరం మారితే చోటూ మారిపోతుంది. మావయ్య ఆ రోజు గంటకి యాభై మీద వెళ్ళాడు, చుక్క కిలోమీటరు అవతల క్వారీలో పడింది. నడక వేగంతో వెళ్తే ఎంత జరుగుతుంది? నూరు నూటయాభై మీటర్లు. దాన్ని కప్పెయ్యడానికి చుక్కని లావు చేశాడు. రోడ్డూ పక్క పొలమూ అన్నీ దాని పొట్టకిందే.

అంటే ఆయనకి తెలుసు.

మధ్యాహ్నం ఆమె రికార్డుల గదికి వెళ్ళింది. అక్కడ ఉద్యోగిని అందరూ బీరువా బాబాయి అంటారు. ముప్పై ఏళ్ళుగా అవే బీరువాలకి తాళాలు వేసి తీసి ఆయన నడకలో కూడా తాళంచెవుల చప్పుడొచ్చేస్తుంది.

"బాబాయ్, మావయ్య బండి నడిపిన చివరి రోజు రికార్డు ఉందా?"

"ఎందుకుండదు? అయిదేళ్ళు ఉంచాలి. నాలుగో బీరువా, కింది అర. రెండు చెవులవీ ఉన్నాయి."

విమానం పొట్టకింద ముందొకటి, వెనకొకటి రెండు యాంటెన్నాలుంటాయి. వాటినే చెవులంటారు. ఒక చెవితో వింటే చుక్క ఎక్కడో ఒకచోట పడుతుంది. రెండు చెవులకీ మధ్యనున్న ఆ కాస్త తేడా చూసి లెక్కగడితే తరంగం నిజంగా ఎటునుంచి వచ్చిందో తేలుతుంది, చుక్క తన చోటికి వచ్చి కూర్చుంటుంది.

"మరి ఆ లెక్క వెయ్యలేదా?"

బీరువా బాబాయి గుమ్మం వైపు చూసి, రిజిస్టరు తిరగేసి, ఒక వరుస మీద గోరు పెట్టాడు. మావయ్యని పంపేసిన రెండో రోజు తేదీ. తీసుకున్నది: రెండు చెవుల రికార్డు. పని: పోల్చి చూడ్డం. వెనక్కిచ్చింది ఆ సాయంత్రమే. సంతకం చుక్కలాయనది.

"వేశాడు తల్లీ. వేసి, చూసి, మళ్ళీ నా చేతికిచ్చేశాడు. మొహం మాత్రం తెల్లమట్టి పూసినట్టుంది."

"అయితే పైకి రాస్తాను."

"రాయి. రెండో చెవి లెక్క ఇంకా కుదరలేదనీ నమ్మడానికి వీల్లేదనీ ఆయనే రాసి ఫైల్లో పెట్టాడు. ఆయన డాక్టరేటు, నువ్వు టంకం. ఎవరి మాట వింటారు? ఆ లెక్క నిజమని ఆయన నోటే రావాలి. నా సర్వీసులో అలాంటిది చూడలేదు."

ఆ సాయంత్రం షెడ్డుకి తిరిగొచ్చిన టంకమ్మ లంచ్ డబ్బా కూడా తెరవలేదు. మైదానం మ్యాపు బల్లమీద పరిచి పెన్సిలు చెక్కింది. మొన మరీ సన్నబడి విరిగితే మళ్ళీ చెక్కింది. డెమోలో మూడో బండి రోడ్డు పక్కనున్న తెల్లరాయి దగ్గర ఆగాలి. ఆగిన బండి రాడార్‌కి కనపడదు, చుక్క మాయమవుతుంది. కదిలితే మళ్ళీ వస్తుంది. కమిటీకి చూపించే చమత్కారం అదే. ఆ మాయమైన క్షణంలో, సరిగ్గా ఆ తెల్లరాయి దగ్గరే, తన దొంగచుక్క పుడుతుంది. రోడ్డు దిగుతుంది. నేరుగా క్వారీకి పోతుంది. మొన్నటి వానలకి క్వారీలో ఇప్పుడు మూడు నిలువుల నీళ్ళున్నాయి. నీళ్ళమీద పరిగెడుతుంది. అవతల గోడలాంటి రాతి అంచు ఉంది. దాన్ని కూడా ఎక్కుతుంది. నీళ్ళమీద నడిచి గోడెక్కే లారీని ఇంత పెద్ద రాడార్ చూపిస్తే కమిటీ మొత్తం పొట్ట పట్టుకుని నవ్వాలి. మధ్యలో మూడు పెన్నుల మొహం నిలబడి ఉండాలి.

ఆ మొహాన్ని ఊహించుకుని ఆమె లోలోపల చప్పరించింది. బుధవారమంతా అదే రుచి నోట్లో ఉంది. పెట్టెలో చుక్క దారిని అంగుళం అంగుళం సరిచేసింది. వదులుగా ఉన్న కనెక్టరు ఊడదీసి కొత్త టంకం పెట్టింది. పొగ మొహానికి కొడుతున్నా రెప్ప వెయ్యలేదు. బొట్టు మెరిసి, మసకేసి, గట్టిపడింది.

ఇంటికెళ్ళాక అత్తయ్య అడిగింది, "ఏంటే, ఇవాళ మొహం వెలిగిపోతోంది?"

"రేపు మంచి సినిమా ఉందత్తయ్యా."

*

గురువారం పదిన్నరకి విమానం మైదానం మీదకొచ్చింది. ఎత్తులో ఉంది కాబట్టి చప్పుడు చెవిలో దూరిన ఈగలా ఉంది. మాయపెట్టె ఏ ఇంజనీరు చేతికింద ఉందో ఆ కళ్ళజోడు సారు కమిటీతో పాటు రాడార్ గదిలో ఉన్నాడు. షెడ్డులో టంకమ్మ ఒక్కతే. వైర్‌లెస్‌లో చుక్కలాయన గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"అమ్మా, ఇవి మూడు బండ్లు. చూడండి, రోడ్డు మీద, వరసగా."

చిన్న తెరమీద మూడు లావు చుక్కలు పొట్టలు ఆనించుకుని పాకుతున్నాయి.

"ఇప్పుడు మూడో బండి ఆగుతుంది. ఆగగానే మాయం."

చుక్క ఆరిపోయింది. టంకమ్మ మీట వేసింది.

చుక్క మళ్ళీ వెలిగింది. వెలిగి, రోడ్డు దిగింది. క్వారీ అంచు దాటింది, నీళ్ళలోకి దిగింది, నీళ్ళమీద తాపీగా, ఇంటి వరండాలో నడిచినట్టు నడిచింది. టంకమ్మ రెండు చేతులూ బల్లకి ఆనించి చెవి వైర్‌లెస్‌కి దగ్గరగా పెట్టింది. ఇప్పుడు నవ్వాలి. ఎవరో ఒకరు మొదలెట్టాలి.

"అదేంటి, అది పక్కకి పోతోంది?" ముసలి ఆడగొంతు. కమిటీ పెద్దావిడ.

 చుక్కలాయన అన్నాడు, "డ్రైవరమ్మా. కొత్తవాడు. ఆగమన్నచోట ఆగకుండా బండిని పక్కకి దింపాడు. రాడార్ అయితే పట్టేసింది చూశారా, ఎక్కడికెళ్ళినా వదల్లేదు."

ఎవరూ నవ్వలేదు. అక్కడ నీళ్ళున్నాయని కమిటీకి ఎలా తెలుస్తుంది? తెరమీద నీళ్ళ గుర్తే లేదు. టంకమ్మ అల్లిన జోకులో సగం ఈ మైదానంలో పనిచేసేవాళ్ళకే అర్థమవుతుంది. ఆ సంగతి రెండు రోజులుగా ఆమెకొక్కసారీ తట్టలేదు.

"మూడో బండీ! ఎక్కడికి తోలుతున్నావయ్యా?"

పొట్టోడి గొంతు గరగరలాడింది. "సార్, నేను ఆగే ఉన్నాను సార్. తెల్లరాయి దగ్గరే. ఇంజను కూడా ఆపేశాను."

"తెరమీద కనిపిస్తున్నది మేం చూడట్లేదా? పక్కకి దిగావు నువ్వు. బండి అక్కడే వదిలెయ్. తాళాలు గేటు దగ్గరిచ్చి ఇంటికి పో."

"లేద్సార్, నా మాట వినండి సార్. ఎవరినైనా పంపించండి. టైర్లు చూడండి సార్."

టంకమ్మ మీట ఆపేసింది. చుక్క నీళ్ళ మధ్యలో ఆరిపోయింది.

టైర్లు చూడండి సార్. అదే మాట, అదే సాగదీత. నేర్పినాయన గేరుతో పాటు ఇదీ నేర్పి పంపించాడా అన్నట్టుంది. ఈ మధ్యాహ్నమో రేపో ఒక నాలుగు మడతల కాగితం పొట్టోడి ఇంటి గూట్లోకి చేరుతుంది. కింద సంతకం చుక్కలాయనదే ఉంటుంది. చేసింది మాత్రం తను.

కిటికీలోంచి చూస్తే దూరంగా తెల్లరాయి దగ్గర లారీ కదలకుండా ఉంది. పొట్టోడు దిగి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చేత్తో టైరు తుడిచి అరచెయ్యి చూసుకుంటున్నాడు.

ఆమె తన పని రాసుకునే పుస్తకం చంకలో పెట్టుకుని షెడ్డు తలుపు తీసింది. షెడ్డుకీ రాడార్ గదికీ మధ్య ఎనిమిదొందల అడుగులుంటాయి. పరిగెత్తలేదు.

*

గది నిండా కుర్చీలు, ఏసీ చల్లదనం, గోడంత తెర. ముందు వరసలో పెద్దావిడ. తెల్లజుట్టు, చేతికర్ర, కుడి చెవిలో వినికిడి యంత్రం. చుక్కలాయన చేతిలో పొడుగాటి పుల్ల.

"మూడో బండి కదల్లేదండీ," అంది టంకమ్మ గుమ్మంలోంచే. "ఆ చుక్క నేను పుట్టించాను. మాయపెట్టెతో."

కళ్ళజోడు సారు కళ్ళజోడు తీసేశాడు. చుక్కలాయన మొహంలో మొదట కోపం పొంగింది. ఆ వెనకే మరొకటి వచ్చింది, దాన్ని టంకమ్మ స్పష్టంగా చూసింది. ఆకలిగా ఉన్నవాడికి విస్తరి కనిపించినట్టు ఆయన కళ్ళు విప్పారాయి.

"చూశారామ్మా! కుట్ర! దీని మేనమామని నేను పనిలోంచి తీసేశాను, అదీ దీని కడుపుమంట."

"అవునండీ, కడుపుమంటే," అంది టంకమ్మ.

పెద్దావిడ కర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. "అయితే మీ రాడార్ మోసపోయినట్టేగా. డ్రైవర్ని కూడా తిట్టారు."

"మోసపోవడమా? నా రాడారా?" చుక్కలాయన పుల్లతో తెరను కొట్టాడు. "ఇప్పటిదాకా మీరు చూసింది ఒక చెవి బొమ్మ. రెండు చెవులూ పోలిస్తే అబద్ధం ఎక్కడుందో పట్టుకుంటుంది. ఎన్ని దొంగచుక్కలు ఎటు పరిగెత్తినా వాటిని పంపించే పెట్టె ఉండేది ఒక్కచోటే కదా. చుక్క ఎటు పోయినా గొంతు అక్కడినుంచే వస్తుంది."

"ఆ లెక్క నమ్మొచ్చాండీ?" అని అడిగింది టంకమ్మ. గొంతు మామూలుగానే వచ్చింది. పుస్తకాన్ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. "ఇంకా కుదరలేదని ఎవరో అంటుంటే విన్నాను."

"ఎవడా అన్నది? రెండు నెలల కిందటే కుదిరింది. పది మీటర్లు తేడా రాదు!" ఆయన పెద్దావిడ వైపు తిరిగాడు. "ఇప్పుడే, మీ కళ్ళ ముందే వేయిస్తాను. దొంగ ఎక్కడుందో రాడారే చూపిస్తుంది."

ఆయనే కూర్చుని మీటలు నొక్కాడు. తెరమీద విమానం దారి గీతగా వచ్చింది. దారిలోని ఒక చోటునుంచి దొంగచుక్క దిక్కుగా ఓ సన్నగీత సాగింది. విమానం ఇంకాస్త ముందుకెళ్ళినచోటినుంచి ఇంకో గీత. ఆపైన మూడోది, నాలుగోది. చుక్క క్వారీలో ఎక్కడెక్కడో తిరిగింది, గీతలు మాత్రం క్వారీ వైపు కూడా చూడలేదు. ఏడు గీతలూ మైదానం చివరికెళ్ళి ఒకదాన్నొకటి కోసుకున్నాయి. అక్కడ చిన్న చదరం ఉంది. రేకుల షెడ్డు.

పెద్దావిడ కుర్చీలో ముందుకి వంగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. చుక్కలాయన లేచి చొక్కా సర్దుకున్నాడు. డెమో మొత్తంలో అంత బాగా పండిన ముక్క మరోటి లేదు.

"నువ్వు ఎక్కడ నిలబడి ఈ పని చేశావో అక్కడికే వేలెత్తి చూపించింది," అన్నాడు టంకమ్మతో. "ఇంకేమైనా చెప్పుకుంటావా?"

"సరిగ్గా చూపించిందండీ. నేను అక్కడే ఉన్నాను." ఆమె పెద్దావిడ వైపు తిరిగింది. "ఇదే లెక్క, ఇదే చేత్తో, ఇంకొక్క రికార్డు మీద వేయించండమ్మా. మా మావయ్య క్వారీలోకి బండి తోలాడని రాసిన రోజుది. ఆ తర్వాత నన్నేం చేసినా సరే."



"ఆ రోజు రెండో చెవి పనిచెయ్యలేదు," అన్నాడు చుక్కలాయన.

"పనిచేసింది సార్." బీరువా బాబాయి తలుపు దగ్గరినుంచి అన్నాడు. టీలు పంచుతున్నారని వచ్చినవాడు, కప్పు పట్టుకునే నిలబడిపోయాడు. "నాలుగో బీరువా, కింది అర. రెండు చెవులవీ ఉన్నాయి. తమరే తీసుకెళ్ళి పోల్చి చూసి తిరిగిచ్చారు. రిజిస్టర్లో సంతకం ఉంది."

"తీసుకురండి," అంది పెద్దావిడ.

రికార్డు రావడానికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ చుక్కలాయన జేబులోంచి ఒక పెన్ను తీసి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఈసారి మీటలు కళ్ళజోడు సారు నొక్కాడు. క్వారీలో, రాళ్ళ మధ్య, ఎర్రటి చుక్క ఒకటి వెలిగింది. లావు చెయ్యకముందు నాటి చుక్క, ఆవగింజంత. రెండో చెవి కలిపారు. ఆవగింజ లేచి, రాళ్ళు దాటి, పొలం దాటి, కిలోమీటరు నడిచి రోడ్డు మీదకొచ్చి కూర్చుంది. ఆ తర్వాతి క్షణంలోదీ అంతే. ఆ తర్వాతిదీ అంతే. వంపు వచ్చినచోట వంపు తిరిగింది. చివరిదాకా ఒక్క ఆవగింజ కూడా రోడ్డు దిగలేదు.

 ఈ రెండు రోజుల్లో ఎన్నోసార్లు ఊహించుకున్న మొహం ఇప్పుడు ఎదురుగానే ఉంది. అది ఊహలోలా లేదు. చిన్నగా, ముసలిగా, ఎవరింట్లోనో కనిపించే మొహంలా ఉంది. అయినా ఆమె చూపు తిప్పుకోలేదు. పూర్తిగా, తీరిగ్గా, కడుపారా చూసింది.

"పది మీటర్లు తేడా రాదన్నారు కదూ," అంది పెద్దావిడ చుక్కలాయనతో, మెల్లిగా. ఆవిడ వినికిడి యంత్రాన్ని వేలితో సర్దుకుని, ఆయన జవాబు కోసం ఎదురుచూసింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఆ డ్రైవర్ని గేటు దగ్గర ఆపమనండి," అంది ఆవిడ చివరికి. టంకమ్మ వైపు తిరిగి, "నువ్వు నీ పాస్ ఇక్కడ పెట్టి వెళ్ళు. చేసింది చిన్నపని కాదు," అంది.

"తెలుసమ్మా."

మెడలోంచి పాస్ తీసేటప్పుడు దాని తాడు జడలో చిక్కుకుంది. విడదీసి, తాడు చుట్టి, బల్లమీద పెట్టింది.

*

ఇంట్లో మావయ్య వరండాలో కూర్చుని స్కూటరు ప్లగ్గు శుభ్రం చేస్తున్నాడు. అయిదు రోజుల్లో అది మూడోసారి.

"ఏంటి తల్లీ, ఇంత పెందరాళే వచ్చావు?"

"రోడ్డు మీదే ఉన్నావు మావయ్యా. మొదటినుంచి చివరిదాకా."

ఆయన చేతిలో గుడ్డపీలిక ఆగింది. ఆమె చెప్పినంతసేపూ ప్లగ్గు వైపే చూస్తూ విన్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"పొట్టోడి సంగతేంటి?"

"రేపు డ్యూటీకొస్తాడు. నీక్కూడా కబురొస్తుంది."

"నీకో?"

ఆమె చెప్పుల పట్టీ సర్దుకుంది. మావయ్య రెండోసారి అడగలేదు. గుడ్డపీలిక మడిచి, "వాడి మీదకి పోయేదాకా తెచ్చావన్నమాట," అన్నాడు. ఆ ఒక్కమాటే. అందులో కోపముందో లేదో ఆమెకి తేలలేదు. లోపలికెళ్ళి గడియారం వెనకనుంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చింపలేదు. ప్లగ్గుకి మసి ఇంకా ఉంటే, దాంతో తుడిచాడు.

పది రోజుల తర్వాత ఆయన మళ్ళీ మైదానానికి బయల్దేరాడు. టంకమ్మ వెనక సీట్లో కూర్చుంది. ఇదివరకు రోజూ అలాగే వెళ్ళేవాళ్ళు. గేటు దగ్గర దిగాక ఆయన మెడలో పాస్ వేసుకుని, ఆమె ఖాళీ మెడ వైపు చూసి, చూడనట్టు స్కూటరు నెట్టుకుంటూ లోపలికెళ్ళాడు. చుక్కలాయన గది తలుపు మీద పేరుపలక లేదని, నాలుగు మేకుల బెజ్జాలే ఉన్నాయని గేటు మనిషి చెప్పాడు.

"నువ్వు మాత్రం లోపలికి రాకూడదమ్మా. విచారణ తేలేదాకా అని రాశారు."

"తేలాక?"

"అది రాయలేదు."

ఆమె బస్సు స్టాపు వైపు వెళ్ళకుండా కంచె వెంబడి నడిచింది. రోడ్డు కంచెకి ఆనుకుని సాగేచోట ఆగి ఇనపతీగల్లో వేళ్ళు దూర్చి నిలబడింది. పైన ఈగలా విమానం. కాసేపటికి రోడ్డు చివర దుమ్ము లేచింది. మూడో బండి. నడక వేగం కాదు, యాభై మీద వస్తోంది. చక్రం రోడ్డు అంచునున్న తెల్లగీత మీద, అంగుళం అటూ ఇటూ కాకుండా దొర్లుతోంది. పక్కసీట్లో పొట్టోడు.

కంచె దగ్గర మనిషిని చూసి మావయ్య హారన్ కొట్టాడు. వదలకుండా నొక్కిపట్టాడు. బండి దగ్గరికొచ్చేదాకా అది సన్నగా మోగింది. ఆమెను దాటాక లావుగా మారి, దూరమై, రోడ్డు వెంటే పోయింది.